ఎదురు పోగు

సూర్యుణ్ణి మొదటిసారి ముట్టుకున్నప్పుడు చౌడేశ్వరికి భయం వేయలేదు. ఎంత మెత్తగా ఉందో, అనుకుంది.

ఆమె ఏనుగుమిట్ట ఎక్కింది అందుకోసం కాదు. పోగులు కట్టే పని ఉందంటే ఎక్కింది. ధర్మవరం నుంచి జీపులో గంట ప్రయాణం. చెట్టూ చేమా లేని రాతికొండ. దాని నెత్తిన తెల్ల గుమ్మటం, పక్కనే నాలుగు గదుల సౌర పరిశోధన కేంద్రం. అక్కడ వకుళ అనే సైంటిస్టు మగ్గమంత వెడల్పున ఒక చట్రం చేయించి నిలువుగా నిలబెట్టింది. దానికి మూడు వందల పన్నెండు పట్టు పోగులు ఒకే బిగువున కట్టాలి. పోగుల మీద కంటికి ఆనని లోహపు పూత, దాని మీద చల్లగా జారే లేపనం. ఇంజనీర్లు కట్టబోతే సగం తెగిపోయాయి. పాత పడుగు కొసలకు కొత్త పడుగు అతికే పనిలో ఎవరి చెయ్యి మంచిదని వకుళ ధర్మవరంలో వాకబు చేస్తే, అడిగిన నలుగురూ మగ్గం నేసే తొగట ఓబులేసు పెళ్ళాం పేరే చెప్పారు.

చౌడేశ్వరి రెండు రోజులు కూర్చుని పోగులన్నీ కట్టింది. మూడో రోజు ఉదయం బిగువు సరిచూస్తూ ఒకచోట ఆగిపోయింది.

"మేడమ్, ఈ పోగుకు పురి ఎదురుగా ఉండాది."

"ఏ పోగుకి?" అంది వకుళ, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే.

"ఈ కొస నుంచి నూటా నలభయ్యోది. పక్కనున్నవన్నీ కుడికి తిరిగినాయి. ఇదొక్కటే ఎడమకు తిరిగింది. ఇట్లుంటే నిలవదు, జారతాది."

వకుళ లేచి వచ్చి చూసింది. పోగులో పురే లేదు. ఆ పట్టు పురి పెట్టకుండా తీసినది. అప్పుడు గమనించింది, చట్రానికి కరెంటు ఆపడం ఎవరో మరిచిపోయారు. కంప్యూటరు దగ్గరికి పరుగెత్తింది. సూర్యుడి చుట్టూ అతి దగ్గరగా కొబ్బరికాయంత ఉపగ్రహాలు మూడు వందల పన్నెండు తిరుగుతున్నాయి. ఒక్కొక్క పోగు ఒక్కొక్క ఉపగ్రహానిది. అది ఎగిరే చోట అయస్కాంత బలరేఖ ఎటు లాగితే ఇక్కడ పోగులోని కరెంటు అటు మారుతుంది. నూట నలభయ్యో ఉపగ్రహం కింద బలరేఖ ఎడమకు మెలితిరిగి ఉందని కంప్యూటరు లెక్క తేల్చి చెప్పడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అప్పటికి చౌడేశ్వరి చేతులు కడుక్కుని మజ్జిగన్నం తింటోంది.

అప్పటిదాకా వీణ వాయించేవాళ్ళను, కళ్ళు లేనివాళ్ళను, శస్త్రచికిత్సలు చేసే డాక్టర్లను పిలిపించి ఆ పోగుల మీద వేళ్ళు పెట్టించారు. అందరూ జుమ్మంటోందన్నారు, అంతే. ఏ పోగు ఎటు తిరిగిందో చెప్పినవాళ్ళు లేరు. వకుళ వచ్చి చౌడేశ్వరి ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"చౌడక్కా, మీరు ఇందాక ముట్టుకున్నది దారం కాదు" అంది.

*

రోజుకు ఇరవై నిమిషాలు, అంతకు మించి వద్దన్నారు. వేళ్ళ కొసలకు లేపనం రాసుకుని, కళ్ళు మూసుకుని, చేతులు చట్రం మీద పెట్టేది చౌడేశ్వరి. పక్కన వకుళ మీట మీద వేలు పెట్టుకుని కూర్చునేది. పోగుల్లో కరెంటు హద్దు దాటితే మీట దానంతట అదే పడిపోయి కరెంటు ఆగుతుంది. నరాలకు దెబ్బ తగలకుండా పెట్టిన ఏర్పాటు అది.

మొదటి వారంలో అవి పోగులే. తర్వాత తర్వాత పోగులు మాయమయ్యాయి. ఆమె అరచేతుల కింద ఒక పెద్ద మైదానం పరుచుకునేది. అది ఉడుకుతున్న పాకంలా కదులుతూనే ఉండేది. అందులోంచి వంపు తిరిగి లేచే దారాలు, పది భూములను ఒకదాని మీద ఒకటి పేర్చినా అందనంత ఎత్తుకు పోయి, మళ్ళీ నెమ్మదిగా వంగి దూరంగా ఎక్కడో దిగేవి. వాటి పాదాలు నల్లమచ్చల్లో నాటుకుని ఉండేవి. కింద మైదానం జరిగినప్పుడల్లా పాదాలు జరిగి, దారాలు ఒకదానికొకటి చుట్టుకుని, పురి ఎక్కేవి. అక్కడ శబ్దం లేదు. వేడి కూడా తెలిసేది కాదు. కోనేటిలో నిలబడి చేపపిల్లలు కాళ్ళను రాసుకుపోతుంటే ఉన్నట్టు ఉండేది. ఇరవై నిమిషాలు అయిపోయాయని వకుళ భుజం తట్టినప్పుడల్లా, ఎవరో ఇంట్లోంచి బయటికి పిలిచినట్టు అనిపించేది ఆమెకు.

ఇంట్లో మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు ఆమె వేళ్ళు చాప మీద కదులుతుండేవి. మగ్గం గుంటలో కూర్చున్న ఓబులేసు పని ఆపి చూసేవాడు.

"నిద్దరలో యాడ అతుకుతాండావే?" అనేవాడు లేచాక.

"అతకడం లేదయ్యా. ఊరికే చూస్తాండా."

"వేళ్ళతోనా?"

ఆమె నవ్వేది. చెప్పాలని ఉండేది గానీ దేనితో పోల్చాలో తెలిసేది కాదు.

సూర్యుడి మీద అలా పురి ఎక్కిన చోట ఒక్కోసారి మంట ఎగసిపడుతుంది. దాని వెలుగు ఎనిమిది నిమిషాల్లో మనకు చేరుతుంది. వెనకే కంటికి కనిపించని రేణువుల తుఫాను వస్తుంది. భూమి మీద మనకు గాలి దుప్పటి ఉంది. పైన తిరిగేవాళ్ళకు లేదు. చంద్రుడి మీద స్థావరం కట్టిన దగ్గర్నుంచి అందరికీ ఆ మంటల బెంగే. అవి ఎక్కడ లేస్తాయో కంప్యూటర్లు చెప్పగలవు. ఎప్పుడన్నది చెప్పలేవు. పురి ఎక్కి ఎక్కి, ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టున్న మచ్చలు రెండు వారాలు గడిపి, ఏమీ జరగకుండానే సూర్యుడి అంచు దాటి అవతలికి తిరిగిపోయేవి. ఏ గుర్తూ లేదనుకున్నవి భగ్గుమనేవి.

అయిదో నెలలో ఒకరోజు చేతులు తుడుచుకుంటూ చౌడేశ్వరి అంది: "మేడమ్, ఎంత పురెక్కినా అది దానంతట అది తెగదు."

"మరి?"

"అడుగునుంచి ఇంకోటి పుట్టుకొస్తాది. సన్నంది. మీదున్నవి అట్ల పోతాంటే, ఇది ఇట్ల ఎదురుగా తిరిగి వస్తాది. అది పోయి మీదున్న దానికి తగిలితేనే. అది రాకపోతే ఎన్ని దినాలైనా అట్లే ఉంటాది."

పాతికేళ్ళుగా ప్రపంచంలో ఎంతోమంది అనుమానిస్తున్న సంగతి అది. ఇంత సూటిగా, ముట్టుకుని చూసినట్టు చెప్పినవాళ్ళు లేరు. వకుళ "ఎదురు పోగు" అని కాగితం మీద రాసుకుని దాని కింద గీత గీసింది. కంప్యూటరుకు దీన్ని నేర్పాలంటే, ఎదురు పోగు పుట్టిన క్షణం నుంచి తగిలి తెగే క్షణం దాకా చౌడేశ్వరి చేతులు చెప్పేదంతా నమోదు కావాలి. కానీ ప్రతిసారీ తెగే ముందే మీట పడిపోయేది. తెగడం ఎలా ఉంటుందో ఆమెకు కూడా తెలియదు.

*

ఆమె కొండకు పోవడం మొదలైన ఎనిమిదో నెలలో కూతురు నీలవేణి పురుడు పోసుకుంది. ఆడపిల్ల. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, పిల్లకు నీళ్ళు పోయడం అమ్మమ్మ పని.

ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి చౌడేశ్వరి పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పిల్లకు నూనె రాసి నీలవేణి ఎత్తుకుని నిలబడి ఉంది. చౌడేశ్వరి పక్కనున్న గంగాళంలో చెయ్యి ముంచింది. వేడి సరిపోయింది అనుకుంది. అలవాటు ప్రకారం ముందుగా ఒక చెంబు నీళ్ళు తన కాళ్ళ మీద పోసుకుంది.

పిక్కలు భగ్గుమన్నాయి. పెదవి కరుచుకుని ఆపుకుంది. మళ్ళీ గంగాళంలో చెయ్యి పెట్టి, అక్కడే ఉంచింది. నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. మణికట్టు దగ్గర చర్మం ఎర్రబడుతోంది. వేళ్ళు మాత్రం ఏమీ చెప్పలేదు.

"పాపను ఇయ్యల్నామ్మా?" అంది నీలవేణి వంగుతూ.

"వద్దు" అంది చౌడేశ్వరి. "కాలు తిమ్మిరెక్కింది. ఈపొద్దు నువ్వే పొయ్యి. నీళ్ళల్లో చన్నీళ్ళు ఇంగా కలుపు."

కాళ్ళ మీద బొబ్బలను ఓబులేసు సాయంత్రం చూశాడు. లోపలికి వెళ్ళి, రెండు పోగులు తెచ్చి, "కళ్ళు మూసుకో" అన్నాడు. ఒకటి ఆమె కుడి వేళ్ళ మధ్య, ఒకటి ఎడమ వేళ్ళ మధ్య పెట్టాడు.

"ఏది పట్టు, ఏది నూలు?"

ఆమె బొటనవేలితో నలిపింది. మళ్ళీ నలిపింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. అడిగే అవసరం రాలేదు.

"కుడిదాంట్లో ఉండేది పట్టు" అంది చివరికి.

ఓబులేసు రెండు పోగులూ తీసుకున్నాడు. రెండూ నూలువే. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. "ఇంగ ఆ కొండకు పోవద్దు" అని మాత్రం అన్నాడు. ఆమె సరేనంది. ఆమె కూడా అతనికి ఒక సంగతి చెప్పలేదు. వేళ్ళు పోయాయన్న బాధకంటే, రేపటి నుంచి ఆ మైదానం కనపడదన్న బాధే ఎక్కువగా ఉంది. పసిపిల్ల కాలిపోయి ఉండేదన్న తలపు వచ్చినప్పుడు కూడా ఆ బాధ తగ్గలేదు. దానికి ఆమె సిగ్గుపడింది.

నాలుగు రోజులకు వకుళ వచ్చింది. చాప మీద కూర్చుని, సంచిలోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టింది. వైద్య పరీక్షల కాగితం.

"మీ నరాలు మొద్దుబారుతున్నాయని ఇందులో ఉంది. ఇది నా దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. నేను దాచిపెట్టాను, చౌడక్కా. ఇంకొక్క నెల ఆగితే దొరుకుతుందేమో, ఇంకొక్క వారం ఆగితే దొరుకుతుందేమో అనుకుంటూ దాచాను."

చౌడేశ్వరి కాగితాన్ని ముట్టుకోలేదు.

"నాకు నాలుగు నెలల కిందనే తెలుసు మేడమ్. దూది ముట్టుకుంటే దూదిమాదిరి లేదు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరెందుకు చెప్పలేదో నేనూ అందుకే."

లోపల పిల్ల ఏడ్చి ఊరుకుంది. వకుళ వెళుతూ చట్రం పోగులు విప్పించేస్తానంది. కానీ విప్పించలేదు. రోజూ ఉదయం వెళ్ళి ఆ గదిలో కాసేపు కూర్చుని వచ్చేది.

*

తర్వాత పన్నెండు రోజులకు, ఉదయం పదింటికి జీపు మళ్ళీ వచ్చి వాకిట్లో ఆగింది. వకుళ దిగేసరికే ఓబులేసు మగ్గం గుంటలోంచి లేచి గడపలో నిలబడ్డాడు.

"ఆమె ఇంగ రాదు మేడమ్."

"తీసుకుపోవడానికి రాలేదన్నా. జరిగింది చెప్పడానికి వచ్చాను. విన్నాక మీరు పొమ్మంటే పోతాను."

చంద్రుడి మీద స్థావరానికి దూరంగా రాళ్ళు ఏరడానికి వెళ్ళిన ఇద్దరి బండి ఒక రాతి గుంటలో కూరుకుపోయింది. రెండో బండి మరమ్మతులో ఉంది. ఆ గుంట గోడలు కొంత అడ్డు, అందులో ఉన్నంతసేపు తుఫాను వచ్చినా బతుకుతారు. కానీ ఇంకో అయిదు గంటలకు వాళ్ళ ఆక్సిజన్ అయిపోతుంది. స్థావరానికి మూడు గంటల నడక. దారిలో తలదాచుకోవడానికి ఒక బండరాయి కూడా లేదు. సూర్యుడి మీద పెద్ద మచ్చ ఒకటి విపరీతంగా పురెక్కి ఉంది. ఈ గంటలోనే మంట లేచే అవకాశం నూటికి ఎనభై అని కంప్యూటరు చెబుతోంది. అది లేస్తే తుఫాను రోజంతా ఉంటుంది. దారిలో ఉండగా లేస్తే ఇద్దరూ పోతారు. గుంటలో ఉండగా లేచినా, ఆక్సిజన్ అయిపోయి పోతారు.

"వాళ్ళ పేర్లేంది?" అంది చౌడేశ్వరి, లోపలి నుంచి.

"సలోమి అని డాక్టరు, చీరాల అమ్మాయి. బండి నడిపేది రిన్‌చెన్, లదాఖ్ మనిషి."

చౌడేశ్వరి కొంగుతో ముఖం తుడుచుకుని బయటికి వచ్చింది. ఓబులేసు వైపు చూసింది. అతను గడపలోంచి పక్కకు జరిగాడు.

"నేనూ వస్తా" అన్నాడు.

కొండ మీద చట్రం ముందు కూర్చుని ఆమె వేళ్ళు పెట్టింది. ఏమీ లేదు. చీకటి గదిలో తలుపు కోసం తడిమినట్టు తడిమింది. ఎక్కడో దూరాన మైదానం ఉన్నట్టుంది గానీ అందడం లేదు.

"కరెంటు పెంచండి మేడమ్."

వకుళ పెంచింది. ఇంకా పెంచమంది. హద్దు దగ్గర ఎర్ర గీత ఉంది. వకుళ చెయ్యి అక్కడ ఆగిపోయింది. దాటితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"ఆమె అడుగుతాంది గదమ్మా" అన్నాడు ఓబులేసు నెమ్మదిగా. "ఇయ్యండి."

గీత దాటాక మైదానం వచ్చింది. పదహారు రోజుల్లో ఎంత మారిపోయింది అది! ఆ మచ్చ మీద దారాలు ఒకదాన్నొకటి మెలేసుకుని, మోకు లావున, బిగుసుకుపోయి నిలబడి ఉన్నాయి. వాటి వణుకు ఆమె మోచేతుల దాకా వచ్చింది. వేళ్ళను దారాల వెంట కిందికి జార్చింది, పాదాల దగ్గరికి, ఇంకా అడుగుకు. అక్కడ ఆగి, వింటున్నట్టుగా తల వంచింది.

"లేదు. ఎదురు పోగు లేదు. నడవమని చెప్పండి."

గదిలో పెట్టిన స్పీకరులోంచి చంద్రుడి స్థావరాన్ని నడిపే అదుపు కేంద్రం అధికారి గొంతు వినిపించింది. "డాక్టర్ వకుళా, లెక్కలన్నీ వద్దంటుంటే ఒక నేతమనిషి మాట మీద వాళ్ళను బయటికి పంపమంటారా?"

"మాట మీద కాదు, చేతి మీద. ఇంకో గంట ఆగితే నడిచే అవకాశం కూడా పోతుంది సార్. ఆ సంగతి మీ లెక్కలూ చెబుతున్నాయి."

అవతల ఎవరెవరో మాట్లాడుకున్నారు. చివరికి ఆ అధికారి, నిర్ణయం ఆ ఇద్దరిదే అన్నాడు. కాసేపటికి ఒక ఆడగొంతు, గరగరమంటూ, చాలా దూరం నుంచి వచ్చింది.

"అక్కా, నా పేరు సలోమి. నడవమంటారా?"

చౌడేశ్వరి కళ్ళు తెరవలేదు. "నడువు తల్లీ. ఇంగా రాలేదది. వస్తే నేను చెప్తా. అంతదాంకా పైకి చూడొద్దు, కాళ్ళకింద చూసుకుని నడువు."

మాట చంద్రుణ్ణి చేరి బదులు రావడానికి మూడు క్షణాలు పడుతుంది.

"బయల్దేరుతున్నాం" అంది సలోమి.

ఆ మూడు గంటలు ఎలా గడిచాయో చౌడేశ్వరికి తర్వాత తలుచుకున్నా సరిగ్గా గుర్తుకు రాలేదు. గదిలో కిటికీ ఎండ చాప మీద ఒక జాన జరిగింది. ఓబులేసు ఆమె వెనక కూర్చుని రెండు మోచేతుల కిందా తన చేతులు పెట్టి మోస్తున్నాడు. ఆమె మాత్రం అక్కడ లేదు. మోకు చుట్టూ మెల్లగా తిరుగుతూ, మైదానం లోపలి పొంగు మీద అరచేతులు ఆనించి, పుట్టబోయేదాని కోసం కాచుకుని ఉంది. కడుపులో బిడ్డ కదలిక కోసం కాచుకున్నట్టుంది ఆ కాచుకోవడం. ఒకసారి తాను ఏనుగుమిట్ట మీద ఉన్నానా, ఆ మైదానంలో ఉన్నానా, ఆ బూడిదనేల మీద నడుస్తున్న ఆడపిల్లతో పాటు నడుస్తున్నానా అన్నది తెలియలేదు. మూడు చోట్లా ఉన్నట్టే అనిపించింది. మూడు చోట్లా ఎండే. అప్పుడప్పుడు వకుళ "అక్కా?" అనేది. "ఇంగా లేదు" అనేది ఆమె.

రెండు గంటలు దాటి పది నిమిషాలైనప్పుడు ఆమె వేళ్ళు ఒక్కసారిగా నిలిచిపోయాయి.

"అడుగున కదిలింది."

"ఎదురు పోగా?"

"సన్నంగా, వెంట్రుకమాదిరి. ఎడమకు తిరిగి వస్తాంది. బిరబిర నడవమనండి."

సలోమి, రిన్‌చెన్ నడక మాని గెంతడం మొదలుపెట్టారు. స్పీకరులో వాళ్ళ ఊపిరి వినిపిస్తోంది. ఒకసారి సలోమి పడిపోయింది. రిన్‌చెన్ తన భాషలో ఏదో అన్నాడు. మళ్ళీ ఊపిరి. ఎదురు పోగు లావెక్కుతూ, పాములా తల ఎత్తి, మోకు వైపు పైకి పాకుతోంది. ఎంత దూరముందని వకుళ అడిగితే చౌడేశ్వరి అడుగుల్లో కాదు, కొలవలేని ఒక కొలతలో చెప్పింది. "నూలు పోగు అతకడానికి పట్టేంత దూరం, అట్లాంటివి నూరు" అంది. తర్వాత యాభై అంది. తర్వాత లెక్క చెప్పడం మానేసింది.

స్పీకరులో లోహం మీద లోహం పడిన చప్పుడు వచ్చింది. స్థావరం తలుపు. "ఇద్దరూ లోపలికి వచ్చారు" అన్నాడు అధికారి.

వకుళ మీట వైపు చెయ్యి చాపింది. హద్దు దాటడం కోసం అది దానంతట అది పడే ఏర్పాటును ఆమే తీసేసింది. ఇప్పుడు కరెంటును చేత్తో తెంచాలి.

"తెంపొద్దు" అంది చౌడేశ్వరి.

"వాళ్ళు చేరారక్కా. అయిపోయింది. చేతులు తీసెయ్యండి."

"మీ మిషనుకు నేర్పల్ల గదా. ఈపొద్దు నేర్పకపోతే రేపు ఇంకెవరి చెయ్యో తెచ్చి దీంట్లో పెడతారు మీరు. ఈ పని నాతోనే అయిపోనీ."

వకుళ ఓబులేసు వైపు చూసింది. అతను కళ్ళు మూసుకుని, భార్య మోచేతులను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. వకుళ చెయ్యి వెనక్కి తీసుకుంది.

పదకొండు నిమిషాలు గడిచాయి. అప్పుడు గోడ మీది తెరలన్నీ ఒకేసారి తెల్లబడ్డాయి. చౌడేశ్వరి కేక వేయలేదు. గట్టిగా ఒక ఊపిరి పీల్చి, చాలాసేపు ఆపి, వదిలింది. ఆమె వేళ్ళు పోగుల మీద నుంచి ఒకదాని తర్వాత ఒకటి జారిపోయాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నొప్పా అని వకుళ అడిగితే తల అడ్డంగా ఊపింది.

*

ఆ పదకొండు నిమిషాల నమోదు చాలింది. నాలుగు నెలల్లో కంప్యూటరు ఎదురు పోగును పసిగట్టడం నేర్చుకుంది. చట్రం విప్పేశారు. వకుళ నరాల రిపోర్టు దాచిన సంగతి తానే పైవాళ్ళకు రాసి, ఆ ఉద్యోగం వదిలేసింది. ఇప్పుడు అనంతపురంలో పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతోంది. నెలకోసారి వచ్చి ఓబులేసు ఇంట్లో అన్నం తిని పోతుంది.

చౌడేశ్వరి వేళ్ళకు స్పర్శ తిరిగి రాలేదు. పోగులు అతికే పని పోయింది. గ్లాసు పట్టుకోవాలంటే కళ్ళతో చూసి పట్టుకోవాలి. మనవరాలికి జ్వరం వస్తే చెంపకు చెంప ఆనించి తెలుసుకుంటుంది. కొన్నాళ్ళు కునుకులో మైదానం వచ్చేది. తర్వాత పలచబడింది. ఒకరోజు లేచాక, చాలా రోజులుగా అది రాలేదని గుర్తుకొచ్చి, పెరట్లోకి పోయి ఒంటరిగా కూర్చుంది. ఎవరో చుట్టం చనిపోయినట్టు ఆ రోజంతా అక్కడే ఉండిపోయింది. ఓబులేసు ముద్ద కలిపి ముందు పెట్టాడు.

ఏడాది తిరిగాక, ఒక మిట్టమధ్యాహ్నం, నల్ల గొడుగు వేసుకుని ఒక సన్నటి మనిషి వాకిట్లోకి వచ్చింది. నేల బరువుకు ఇంకా అలవాటు పడని నడక ఆమెది. గోడ పట్టుకుని నిలబడింది.

"అక్కా, నేను సలోమిని."

చౌడేశ్వరి గబగబా చాప పరిచి, గోడవారన నీడలో కూర్చోబెట్టింది. సలోమి గొడుగు మూయలేదు. మజ్జిగ తాగాక కూడా చేతిలోనే పట్టుకుని ఉంది. తిరిగి వచ్చిన దగ్గర్నుంచి నిద్ర పట్టడం లేదని చెప్పింది. పగలు కిటికీలకు పరదాలు వేసుకుంటుందట. ఒంటి మీద ఎండ పడితే చాలు, ఆ మూడు గంటలూ వెన్నులో మొదలవుతాయట.

"స్థావరంలో పడ్డాక మాకేమీ కనిపించలేదు. బయట ఏం జరిగిందో తెలియలేదు. మీరొక్కరే దాన్ని ముట్టుకున్నారు. కోపంగా ఉందా అక్కా అది?"

చౌడేశ్వరి తన చేతుల వైపు చూసుకుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఓబులేసు అడగలేదు, వకుళ అడిగినప్పుడు మాటలు రాలేదు.

"కోపమా? కాదు తల్లీ. నేనూ అట్లే అనుకున్నా ముందు. తెగుతాది, తెగేటప్పుడు చేతికి దెబ్బ తగులుతాది అని కాచుకుని ఉన్నా. నువ్వు ఇంట్లోకి పోయినాక ఎదురు పోగు వచ్చి పెద్దదానికి తగిలింది. తగిలిన చోట రెండూ సన్నబడినాయి. సన్నబడి సన్నబడి, ఒక్క రెప్పపాటు అక్కడ ఏ పోగూ లేదు. అంతలోకే దీని కొస పోయి దానికి, దాని కొస వచ్చి దీనికి అతుక్కున్నాయి. ఎవురూ అతకలేదు. నలభై ఏండ్లు తెగినవన్నీ నేను కూర్చుని అతికినదాన్ని. అక్కడ వాటంతట అవే అతుక్కున్నాయి."

"మరి ఆ మంట?"

"అన్ని దినాలు బిగబట్టుకున్న పురి అంతా విడిపోయింది గదమ్మా. అది యాడికో పోవల్ల గదా. వెలుగై పోయింది. మనం తెగిందనుకుంటాం. అక్కడుండి చూస్తే అది అతుక్కోవడం. ఆయమ్మి ఎంత సుఖంగా ఊపిరి తీసిందో చెప్పలేను."

సూర్యుణ్ణి ఆమె ఆడమనిషిని చేసి మాట్లాడుతోందని సలోమి గమనించింది. "ఇంకా చెప్పండి" అంది.

చౌడేశ్వరి చెప్పింది. మైదానం ఎలా పొంగుతుందో, పది భూముల ఎత్తున దారాలు ఎలా వంగి దిగుతాయో, వాటి నీడలో ఉంటే ఎలా ఉంటుందో చెప్పింది. ఎనిమిది నెలలు చూసి లోపల దాచుకున్నదంతా, మాటలు వెతుక్కోకుండానే వచ్చింది. వింటూ వింటూ సలోమి గొడుగు మూసింది. నీడ పక్కకు జరిగి ఎండ ఆమె పాదాల మీదికి వచ్చింది, తర్వాత మోకాళ్ళ మీదికి. ఆమె కాళ్ళు ముడుచుకోలేదు. కాసేపటికి చాప మీద ఒక పక్కకు ఒరిగింది. చెంప కింద చెయ్యి పెట్టుకుంది. ఆమె ఊపిరి నిదానించింది.

లోపల ఓబులేసు మగ్గం ఆపేశాడు. గుమ్మంలోకి వచ్చి, ఎండలో నిద్రపోతున్న మనిషిని చూసి, అక్కడే నిలబడ్డాడు.

చౌడేశ్వరి చెప్పడం ఆపలేదు. గొంతు కాస్త తగ్గించింది, అంతే.